వచ్చిన దారి పట్టండి

ఆఫీసులో ఆమెను అందరూ చీపురక్క అనేవాళ్లు. అలాగని చీపురు పట్టుకుని ఊడ్చే ఉద్యోగం కాదు ఆమెది. ఊళ్లో సగం మందికి ఈమెయిలు నడిపే చిన్న కంపెనీ అది, సైకిళ్ల కొట్టు మీద రెండో అంతస్తు. ఆ సగం మందికీ ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిపడే చెత్త ఉత్తరాలను ఏరి, అవి ఎక్కడ పుట్టాయో పట్టుకుని, మళ్లీ రాకుండా తలుపు వేయడం ఆమె పని. పేరు పెట్టినవాళ్లు వెక్కిరింతకే పెట్టారు. ఆమె మాత్రం "ఊడ్చేవాళ్లు లేకపోతే మీరంతా ఎంత చెత్తలో కూర్చునేవాళ్లో నాకు తెలుసు లెండి" అని ఆ పేరునే నెత్తిన పెట్టుకుంది.

ఆమె కోపం గురించి ముందే చెప్పుకోవాలి, ఈ కథంతా ఆ కోపం తెచ్చిన తంటాయే కాబట్టి. కొందరికి ముక్కు మీద ఉంటుందంటారే, ఈమెకు అంత దూరం కూడా అక్కర్లేదు, నాలుక చివరే ఉండేది. ఎంత తొందరగా వచ్చేదో అంత తొందరగా పోయేదనుకోండి. కాకపోతే పోయేలోపు అవతలివాళ్లకు తగలాల్సింది తగిలేది.

మొదట్లో ఆమెది ఫిర్యాదుల బల్ల. ఫోను తీయడం, "చూస్తామండీ" అనడం, పెట్టేయడం. చేసినవాళ్లందరిదీ ఒకటే గోల. నాకు లేని మేనమామ ఎక్కడో పోయి ఆస్తి నా పేర రాశాడట, ఏమిటమ్మా ఇది? నేను అడగని మందులు నాకెందుకు పంపుతున్నారమ్మా? ఒకావిడైతే ఏడ్చినంత పని చేసింది. "నా జుట్టు నిక్షేపంలా ఉందమ్మా, బట్టతల మందు నాకెందుకు? నా గురించి వాళ్లకెవరేం చెప్పారు?" అని నిలదీసింది. చూస్తామండీ, చూస్తామండీ అని చెప్పి చెప్పి విసుగెత్తి, ఒకరోజు ఆమె తిన్నగా లోపలి గదిలోకి వెళ్లి ఇంజనీరు గారి ముందు నిలబడింది.

"రోజూ చూస్తామని చెబుతున్నాను కదండీ. అసలెక్కడ చూడాలో చూపించండి, నేనే చూస్తాను."

ఇంజనీరు గారు నెమ్మదైన మనిషి. తల మీద ఒక్క వెంట్రుక లేదు కాబట్టి బట్టతల మందు ఊసు వస్తే ఆఫీసంతా ఆయన వైపే చూసేది, అందరికంటే ముందు ఆయనే నవ్వేవారు. సర్వర్ల గది పక్కనే ఆయన బల్ల. ఆ గదిలో మిషన్లు వేడెక్కకుండా ఎప్పుడూ చల్లగాలి తిరుగుతూ ఉంటుంది, ఎండాకాలంలో కూడా స్వెటరు లేకుండా కూర్చోలేరు. ఆయన తన కుర్చీ వెనక వేలాడుతున్న పాత స్వెటరు ఆమెకు ఇచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని, ఆ బట్టతల ఉత్తరాన్నే తెర మీద తెరిచారు.

"ఇది అందరూ చదివే వైపు. దీనికి వెనక వైపు ఒకటుంది, చూడు" అని ఏదో మీట నొక్కారు. తెర నిండా చీమలబారులా సన్నటి అక్షరాలు.

"ఉత్తరం ఒక మిషను చేతిలోంచి ఇంకో మిషను చేతిలోకి మారుతూ వస్తుందమ్మా. పట్టుకున్న ప్రతి మిషనూ ఒక ముద్ర కొడుతుంది, ఎవరి దగ్గర తీసుకుందో, ఎన్నింటికి తీసుకుందో. కొత్త ముద్ర పైన పడుతుంది. అందుకని దీన్ని కింద నుంచి పైకి చదవాలి."

"అయితే అన్నిటికంటే అడుగున ఉన్నదే దీని పుట్టిల్లు."

"అక్కడే పప్పులో కాలేస్తారు. దొంగవాడు నాలుగు దొంగ ముద్రలు ముందే కొట్టుకుని బయల్దేరతాడు. మన మిషను కొట్టిన ముద్ర ఒక్కటే మనకు నమ్మకం. అక్కణ్ణించి ఒక్కో మెట్టూ దిగుతూ, ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పినదానితో కలుస్తోందా లేదా చూసుకోవాలి. ఎక్కడ కలవకపోతే అక్కడ ఆగాలి. అదీ పుట్టిల్లు."

ఇద్దరూ కలిసి మెట్లు దిగారు. పక్క దేశం, సముద్రం అవతల ఇంకో దేశం, అక్కణ్ణించి మంచు కురిసే ఒక చిన్న ఊరు. ఆ ఊళ్లో ఆగింది. ఆ ముద్రలో ఉన్న మిషను నంబరు ఎవరిదా అని తవ్వితే ఒక పళ్ల డాక్టరు గారిది. ఆయనకు ఏ పాపమూ తెలియదు. ఏదో పురుగు దూరి ఆయన మిషను ఎవరి చెప్పుచేతల్లోనో ఉంది. పాపం ఆయన ముందు గదిలో ఎవరి పన్నో పీకుతుంటే, వెనక గదిలో ఆయన మిషను ప్రపంచంలోని బట్టతలలన్నిటికీ మందు అమ్ముతోంది.

చీపురక్క నోరు వెళ్లబెట్టింది. తను జన్మలో చూడని ఊరు, తను ఎప్పుడూ తాకని మంచు, అక్కడ ఏదో వీధిలో ఒక గది, ఆ గదిలో ఒక బల్ల. ఇక్కడ చల్లగదిలో స్వెటరు వేసుకుని కూర్చుని తను ఆ బల్ల దాకా వెళ్లి తలుపు కొట్టి వచ్చింది!

"ఇంత లోకమా!" అంది పైకే.

"ఇంకా చాలా ఉందమ్మా" అన్నారు ఇంజనీరు గారు.

ఆ రోజుతో ఆమె ఫిర్యాదుల బల్ల వదిలేసింది. గోడ నిండేంత ప్రపంచపటం తెప్పించి, చెత్త పుట్టిన ప్రతి చోటా ఎర్ర తల సూది గుచ్చడం మొదలుపెట్టింది. ఏళ్లు గడిచేకొద్దీ పటం ఎర్రబారింది. ఒక సూది చేపలరేవులో తూకం మిషనుది. ఒకటి ఏదో బడిలో అచ్చు మిషనుది. ఒకటి మాత్రం ఆమెను చాలా రోజులు వదల్లేదు. ఎక్కడో ఎవరింట్లోనో ఊయల పైన బిగించిన కెమెరా అది. పాప నిద్రపోతోందో లేదో తల్లి వంటింట్లోంచి చూసుకోవడానికి పెట్టుకున్నది. ఆ కెమెరా పాపను కనిపెట్టుకుని ఉంటూనే, తల్లికి తెలియకుండా లోకమంతటికీ దొంగ ఉత్తరాలు రాస్తోంది. చీపురక్క దాని యజమానులకు కబురు పంపించి, వాళ్లు శుభ్రం చేసుకున్నామని జవాబిచ్చేదాకా ఊరుకోలేదు. ఆ జవాబు కింద "పాప బాగుంది" అని ఒక వాక్యం ఉంది. ఆ ఒక్క వాక్యానికి ఆమె రోజంతా నేల మీద నడవలేదు. మధ్యాహ్నాలు టీ గ్లాసు పట్టుకుని ఆ పటం ముందు నిలబడేది. సూదులన్నీ ఆమెకు చుట్టాల ఊళ్లలా తెలుసు. ఎన్నాళ్లు చూసినా ఆ ఆశ్చర్యం మాత్రం తరగలేదు, అదే చిత్రం.

ఇంటి దగ్గర ముగ్గురు. ఆమె, ఆమె తమ్ముడు, తమ్ముడి భార్య. ఆమె పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే "తీరిక దొరకలేదు" అనేది, ఇంకోసారి అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. తమ్ముడు ఓడలో ఇంజను గది ఫిట్టరు. మరదలు కళ్లజోళ్ల కొట్టులో అద్దాలు అరగదీసి చట్రాల్లో బిగిస్తుంది. మెత్తగా మాట్లాడే పిల్ల. వదిననూ, భర్తనూ, ఆఖరికి పాలు పోసే కుర్రాణ్ణి కూడా "మీరు" అనే మాట్లాడేది. సంతోషంగా ఉన్నప్పుడు ఆ "మీరు" వినడానికి ఎంత బాగుంటుందో, కోపమొచ్చినప్పుడు అంత వణికిస్తుంది.

ఆ ఏడు కోపం రావలసిన పనే చేశాడు తమ్ముడు. ఇక ఓడ ఎక్కను, ఒడ్డున రిపేరు షెడ్డులో చేరిపోతానని మాటిచ్చాడు. ఇచ్చినవాడు చెప్పాపెట్టకుండా కొత్త కంపెనీ ఓడకు సంతకం పెట్టొచ్చి, సంచీ సర్దుకుంటూ ఆ ముక్క చెప్పాడు.

మరదలు అరవలేదు. "మీ సంతకం మీది, మీ ఓడ మీది. వెళ్లండి. తప్పు మీదేనని మీ చేత్తో రాయండి. అది వచ్చేదాకా నేను ఒక్క ముక్క రాయను" అంది.

తమ్ముడు మొహం మాడ్చుకుని గుమ్మం దిగాడు. చీపురక్క తమ్ముడి వెంట ఒక్క అడుగు కూడా వెయ్యకుండా మరదలి పక్కనే నిలబడింది. "బాగా అన్నావే. వాడు రాసేదాకా నువ్వు తగ్గావో, నేనూరుకోను. నేనూ రాయను వాడికి!"

అక్కడ ఇల్లు అలా ఉంటే, ఇక్కడ ఆఫీసులో దీవి గొడవ మొదలైంది. మహాసముద్రం మధ్యలో, పటం మీద ఈగ వాలినంత ఉంటుంది ఆ దీవి. ఉన్నట్టుండి దాన్నుంచి చెత్త వరదలా పడింది. ఒక నంబరు మూస్తే పక్క నంబరు నుంచి, అది మూస్తే ఆ పక్కదాన్నుంచి. రోజంతా ఒంటికాలి మీద నిలబడి మూసినా మర్నాటికి మళ్లీ మొదటికే వచ్చేది. ఆఖరికి చీపురక్కకు ఒళ్లు మండిపోయింది.

"దీవి మొత్తం మూసేద్దామండీ" అంది ఇంజనీరు గారితో.

"మొత్తమా? ఒకడి కోసం వీధంతా మూస్తే ఎలాగమ్మా? పనికొచ్చే ఉత్తరం ఒక్కటైనా ఉండకపోదు."

"ఆ దీవిలో మనకెవరున్నారు చుట్టాలు? పూచీ నాది."

ఇంజనీరు గారు తలూపారు. అలా తలుపు వేసినప్పుడు, తిరిగి వెళ్లే ఉత్తరంతో కారణం ఒక వాక్యం పంపాలి. మామూలుగా అక్కడ ఇంగ్లీషులో ఏదో పొడి మాట ఉంటుంది. చీపురక్క దాన్ని చెరిపేసి, మనం ఫోన్లలో కొట్టుకుంటామే, అలా ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టింది: నీ చెత్త మాకు అక్కర్లేదు, వచ్చిన దారి పట్టు.

ఇంజనీరు గారు అది చూసి నవ్వాపుకోలేకపోయారు. "వాళ్లకు తెలుగు అర్థమవుతుందా అమ్మా?"

"వాళ్లకు అర్థం కావడానికి కాదండీ, నా కడుపు చల్లబడటానికి."

"సరే చల్లబడనీ. కానీ కంపెనీ పేరు మీద పోయే మాట, కాస్త మర్యాద ఉండాలి."

ఆమె విసుక్కుంటూనే మార్చింది. మీ ఉత్తరాలు మాకు అక్కర్లేదు. వచ్చిన దారి పట్టండి. మీట నొక్కింది. వరద ఆగిపోయింది. ఆ మధ్యాహ్నం ఆమె టీ రెండు గ్లాసులు తాగింది.

తర్వాత వారాలు గడిచాయి. మరదలు సాయంత్రం కొట్టు నుంచి రాగానే చెప్పులు విప్పకుండానే కంప్యూటరు దగ్గరికి వెళ్లేది. మెయిలు తెరిచేది. మూసేది. చెప్పులు విప్పడానికి అప్పుడు గుర్తొచ్చేది. మొదట్లో కోపంగా మూసేది, రానురాను మెల్లగా మూయసాగింది. ఒకరోజు నవ్వబోతూ "ఈమధ్య చెత్త కూడా రావట్లేదు వదినా, మీరు మరీ శుభ్రంగా ఊడ్చేశారు" అంది. ఆ నవ్వు చూసి చీపురక్కకు కోపం తన్నుకొచ్చింది. "వాడిది మనిషి పుట్టుకేనా? ఒక్క ముక్క రాస్తే వాడి వేళ్లరిగిపోతాయా?" అని గోడలకేసి తిట్టింది. వాడికి నేనే రాసి నాలుగు కడిగేద్దామా అని కూడా అనుకుంది. అనుకుని, "ఊహూఁ, ముందు వాడే రాయాలి" అని పంతం పట్టి కూర్చుంది.

ఆ వారం చివర భోజనాల దగ్గర మరదలు తల దించుకుని చెప్పింది. "మా కొట్టువాళ్లు పైఊళ్లో ఇంకో కొట్టు తెరుస్తున్నారు వదినా. గది కూడా ఇస్తారట. వస్తానని చెప్పాను. మీ మీద నాకేం కోపం లేదు. కానీ ఆయనే వద్దనుకున్నాక ఈ ఇంట్లో నేనేమవుతాను చెప్పండి?"

చీపురక్క మరదలి కంచంలో అడగకుండానే ఇంకో గరిటె అన్నం వేసింది.

ఇది జరిగిన మూడోనాడు ఆఫీసుకు ఫోనొచ్చింది. ఇంటికి కాకుండా ఆఫీసుకు. గరగరమనే చప్పుడు వెనకనుంచి తమ్ముడి గొంతు. "అక్కా, నేను."

"ఏ నేను? నాకు తమ్ముడెవరూ లేరు!"

"తెలుసులే. అందుకే ఇంటికి చెయ్యలేదు. ఓడ రేవులో ఉంది. రేపు సాయంత్రం ఇంకో ఓడలోకి మారుతున్నాను, అది తిరిగొచ్చేసరికి రెండేళ్లు పడుతుంది. నా సామాన్లు ఎవరికైనా ఇచ్చేయండి. అది చెబుదామని చేశాను."

చీపురక్క అగ్గి మీద గుగ్గిలమైంది. "ఎంత పొగరురా నీకు! వారాల తరబడి ఒక్క ముక్క రాయకుండా, ఆ పిల్లను ఏడిపించి—"

"మూడు రాశానక్కా."

"ఏమిటీ?"

"మూడుసార్లు రాశాను. తప్పు నాదేనని రాశాను. ఇదే ఆఖరి ఓడ అని ఒట్టేసి రాశాను. మూడుసార్లూ ఒకటే జవాబు. ఒక్క అక్షరం మార్చలేదు. 'నాకు' అని కూడా అనలేదు, 'మాకు' అంది. అంటే నువ్వు కూడా కలిసే కదా? ఇంకేం రాయను?"

"ఏమని... ఏమనొచ్చిందిరా జవాబు?"

ఆ మాటలు మళ్లీ నోటితో అనడం తమ్ముడికి ఇష్టం లేదు. పాఠం అప్పగించినట్టు అన్నాడు. "మీ ఉత్తరాలు మాకు అక్కర్లేదు. వచ్చిన దారి పట్టండి."

చీపురక్క కుర్చీలో కూలబడింది. ఎదురుగా గోడ మీద పటం, పటంలో ఆ ఈగంత దీవి. "ఒరేయ్, మీ ఓడ ఉత్తరాలు ఏ దారిన వస్తాయిరా?" అని అడిగింది, అడుగుతూనే జవాబు తెలిసిపోయింది.

"ఆకాశంలోకి వెళ్లి ఏదో దీవిలో దిగుతాయట, అక్కణ్ణించి అందరిళ్లకీ. ఎందుకు?"

"మరి ఆ జవాబు, అది... చుట్టూ మిషను భాష ఏం లేదూ?"

"మా రేడియో ఆఫీసరు మంచివాడక్కా. ఎవరి ఉత్తరాలు వాళ్లకు అచ్చు తీసిస్తాడు. ఇందులో చెత్తంతా తీసేశాను, నీ భాషలో ఉన్నది ఈ ఒక్క మాటే అని చీటీ మీద రాసిచ్చాడు."

ఎక్కడో నడిసముద్రంలో ఇంకో మనిషి కూడా చెత్త ఊడ్చాడు. మిషను మాటలన్నీ చెత్తని పారేసి, చీపురక్క కోపాన్ని మాత్రం ముత్యంలా ఏరి, భద్రంగా ఆమె తమ్ముడి చేతిలో పెట్టాడు. లోకంలో ఇంకే భాషవాడికి వచ్చినా అది మిషను అరుపేనని వదిలేసేవాడు. వీడొక్కడికే అది పెళ్లాం గొంతులా వినిపించింది, ఆ మర్యాదతో సహా.

"ఒరేయ్, అది నేను రాశానురా! నీ పెళ్లానికేం తెలీదు. దొంగ ఉత్తరాల వాళ్లను తిడుతూ నేను మిషనుకు పెట్టిన మాట అది. మీ దీవిని మూసింది నేనే!"

తమ్ముడు నిట్టూర్చాడు. "నువ్వెప్పుడూ ఇంతే. చిన్నప్పుడు నేను కిటికీ అద్దం పగలగొడితే నువ్వే పగలగొట్టానన్నావు. దాన్ని వెనకేసుకురావడానికి చెబుతున్నావు."

"నా నోరు నీకు తెలీదంట్రా? దారి పట్టండి అని అదెప్పుడైనా అందా?"

"కోపంలో ఎవరేమంటారో ఎవరికి తెలుసు."

అంతే, ఎంత చెప్పినా నమ్మడే! జన్మంతా ఏది దొంగ ముద్రో ఏది నిజం ముద్రో తేల్చిన మనిషి, తన మాట నిజమని తోడబుట్టినవాడి చేత ఒప్పించలేక చెమటలు కక్కింది. అప్పుడు తట్టింది ఆమెకు.

"ఒక్క పని చెయ్. ఆ ఓడలోంచే ఇంకో ఉత్తరం రాయి. దానికి కాదు, నాక్కాదు. మా కంపెనీ చిరునామా మీద నీ ఇష్టమొచ్చిన పేరుకు రాయి. ఉన్న మనిషయినా సరే, లేని మనిషయినా సరే. ఏ జవాబొస్తుందో చూడు. చూసి, రేపు ఓడ మారేలోపు నాకు ఫోన్ చెయ్. చేస్తానను!"

"సరే" అన్నాడు, అయిష్టంగానే. లైను తెగింది.

చీపురక్క ఒక్క పరుగున వెళ్లి ఇంజనీరు గారికి అంతా చెప్పింది. ఆయన "అయ్యో, మర్యాద పెట్టమన్నది నేనేగా!" అంటూ దీవి తలుపు తీయడానికి మీట మీద చెయ్యి వేశారు. ఆమె ఆయన మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"తీయకండి! ఇప్పుడు తీస్తే వాడి ఉత్తరం లోపలికొచ్చేస్తుంది. జవాబు పోదు. ఇక జన్మలో నమ్మడు. ఈ ఒక్కరోజు మిషనును తిట్టనివ్వండి."

ఆయన చెయ్యి తీశారు. తీసి, మెల్లగా లేచి, పటం దగ్గరికి వెళ్లి వేలితో చూపించారు. ఈ గదిలోంచి వీధిలోని తీగలోకి, అక్కణ్ణించి రేవు దాకా, రేవు నుంచి సముద్రం అడుగున వెలుతురు చొరని చోట పడుకున్న తీగలోంచి దీవికి, దీవి నుంచి ఆకాశంలో తిరిగే పెట్టెకు, ఆ పెట్టె నుంచి మళ్లీ కిందికి, నీళ్ల మధ్య కదులుతున్న ఒక ఇనుప గదిలోకి, అక్కడ ఒక ఆఫీసరు చేతిలోకి, ఆ చేతిలోంచి తమ్ముడి జేబులోకి. "కళ్లు మూసి తెరిచేలోపు వెళ్లుంటుందమ్మా నీ మాట" అన్నారు.

చీపురక్క ఆ వేలినే చూస్తూ నిలబడిపోయింది. ఇన్నాళ్లూ లోకంలో ప్రతి మూలా వెతికి సూదులు గుచ్చింది. తన నోట్లోంచి వచ్చిన మాట కూడా సముద్రాలు దాటి, చుక్కల దాకా ఎగిరి, ఏ మనిషి గుండెలోనో దిగుతుందని ఏనాడూ అనుకోలేదు. భయమేసింది. ఎంత గొప్పగా ఉందో అంత భయంగానూ ఉంది. సూదుల డబ్బా తెరిచి, ఒక ఎర్ర సూది తీసి, పటంలో తమ ఊరి మీద గుచ్చింది.

అక్కణ్ణించి కళ్లజోళ్ల కొట్టుకు వెళ్లింది. మరదలు ఒక అద్దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని గీతలున్నాయేమో చూస్తోంది. చీపురక్క నిలబడే చెప్పేసింది, ఏదీ దాచుకోలేదు. తన కోపం, తన పంతం, ఆ దీవి, ఆ వాక్యం. తిడుతుందేమోనని తల వంచుకుంది.

మరదలు అద్దాన్ని జాగ్రత్తగా గుడ్డ మీద పెట్టింది. "మూడుసార్లు రాశారా వదినా?"

"రాశాడే."

"తప్పు తనదేనని రాశారా?"

"ఒట్టు కూడా వేశాట్ట."

"మూడుసార్లు!" అని మరదలు రెండు చేతులతో మొహం కప్పుకుంది. కొట్టులో జనం చూస్తున్నారని కూడా చూసుకోలేదు.

మర్నాడు ఆమె కొట్టుకు వెళ్లకుండా వదినతో ఆఫీసుకొచ్చి, ఇంజనీరు గారి స్వెటరు కప్పుకుని ఫోను పక్కన కూర్చుంది. పొద్దున గడిచింది. మధ్యాహ్నం గడిచింది. ఎవరూ అన్నం మాట ఎత్తలేదు. ఫోను మోగినప్పుడల్లా ముగ్గురూ ఉలిక్కిపడేవాళ్లు. ప్రతిసారీ ఎవరికో మెయిలు రావట్లేదనే ఫిర్యాదు. చీపురక్క "చూస్తామండీ" అని టక్కున పెట్టేసేది. ఎండ కిటికీ దిగి వెళ్లిపోయింది. ఓడ మారిపోయి ఉంటాడని అనుకుంటూనే ఆ మాట ఎవరూ పైకి అనలేదు.

అప్పుడు మోగింది. అదే గరగర. చీపురక్క అందరికీ వినపడేలా మీట నొక్కింది.

"అక్కా."

"రాశావా?"

"రాశాను. ఎవరికి రాద్దామా అని చాలాసేపు ఆలోచించాను. తెలిసినవాళ్లకు రాస్తే నువ్వు ముందే వాళ్లకు నేర్పించి ఉంటావని అనుమానం. అందుకని అమ్మకు రాశానక్కా."

అమ్మ పోయేనాటికి ఈ ఊళ్లోకి కంప్యూటరే రాలేదు.

"అమ్మ పేరు కొట్టి, మీ కంపెనీ పేరు తగిలించాను. ఒక్క మాట రాసి ఊరుకుందామనుకున్నాను, రాస్తూ కూర్చుంటే చాలా రాశాను. ఇంట్లో నన్ను రావద్దంటున్నారమ్మా, ఎక్కడికి వెళ్లను అని కూడా రాశాను."

"జవాబొచ్చిందా నాన్నా?"

"వచ్చింది. మీ ఉత్తరాలు మాకు అక్కర్లేదు, వచ్చిన దారి పట్టండి, అని. అమ్మ నన్ను మీరు అనదు కదక్కా."

నిన్నో ఇవాళో, చీపురక్క ఈ కుర్చీలో కూర్చుని ఉండగానే, అమ్మ పేరు మీద ఒక ఉత్తరం సముద్రాలన్నీ దాటి ఈ గది గుమ్మం దాకా వచ్చి నిలబడింది. ఈ గదే దాన్ని వెనక్కి పంపింది. "అనదురా" అంది. ఇంజనీరు గారు ఎవరూ చెప్పకుండానే లేచి వెళ్లి దీవి తలుపు తీశారు.

మరదలు ఫోను మీదికి వంగింది. "ఏమండీ" అంది. ఆ గరగరలో వినపడిందో లేదోనని ఇంకాస్త దగ్గరికి జరిగింది.

"ఏమండీ, ఇది నేను. ఇంటికి రండి."